స్నానానికి జపాన్

కోరుట్ల,
18 ఆగస్టు 2024.

వెంకటేశం బావకు,

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. బాగాలేనిది నా ఓపిక ఒక్కటే. ఫోన్‌లో చెబుదామంటే నలభై ఏళ్ళు నువ్వు నడిపిన మరమగ్గాల సాంచెల చప్పుడు నీ చెవుల్ని తినేసింది. నేను అరిచేది మా వాడకట్టంతా వింటుంది, నువ్వు తప్ప. అందుకే మళ్ళీ కాగితం తీశాను.

విషయం ఏమిటంటే, నేనూ నీ చెల్లెలు సాయవ్వా జపాన్ పోతున్నాం. వచ్చే ఫిబ్రవరిలో, ఆరు రోజులు. పనికి కాదు, ఊరికే. ఇరవై నాలుగేళ్ళు గల్ఫ్‌లో ఐదు దేశాలు తిరిగాను గాని ఏ దేశాన్నీ తలెత్తి చూడలేదు. తలెత్తితే ఫోర్‌మెన్ కనిపించేవాడు.

ఒకాదా సార్ సంగతి నీకు చెప్పానో లేదో. మస్కట్‌లో ఓడరేవు పని చేసినప్పుడు మా పై ఇంజనీరు, జపాన్ మనిషి. మధ్యాహ్నం మాతోపాటే నీడలో కూర్చుని చిన్న డబ్బాలో చల్లటి అన్నం తినేవాడు. మా క్యాంపు వంటవాడు ఆయన మీద జాలిపడి ఒకరోజు చేపల పులుసు పోశాడు. ఆ వంటవాడు మలయాళీ, అతనికి ఊళ్ళో ఇద్దరు భార్యలు, ఇద్దరికీ ఒకే చీర కొని పంపేవాడు. ఆ కథ వేరే ఉంది, తర్వాత రాస్తాను. పులుసు తిన్న ఒకాదా సార్ కళ్ళనీళ్ళు తుడుచుకుని తన ఊరి సంగతి చెప్పాడు. నగానో అనే చోట కొండల మధ్య ఊరట. చలికాలం మనిషి నడుము దాకా మంచు. నేలలోంచి మాత్రం ఉడుకు నీళ్ళు వస్తాయట. వాళ్ళ అమ్మ నేత నేసేదట. వేళ్ళు కొయ్యబారిపోతే రోజూ సాయంత్రం ఆ నీళ్ళలో చేతులు పెట్టుకుని కూర్చునేదట, కాసేపటికి అవే విచ్చుకునేవట.

నీ చెల్లెలి వేళ్ళు నువ్వు ఈమధ్య చూశావా? ఇరవై ఏళ్ళు బీడీలు చుట్టిన వేళ్ళు. పొద్దున చెంబు కూడా పట్టవు. ఆ చేతులను ఒక్కసారి ఆ నీళ్ళలో పెట్టించాలని నా కోరిక. ఆమెకు మాత్రం ఈ ముక్క చెప్పలేదు. చెబితే "నా చేతులకేం రోగమచ్చింది" అని ఆ చేతులతోనే గిన్నె విసురుతుంది.

జపాన్ అనగానే ఏమందో తెలుసా?

"తానం చేసెతందుకు జపాన్ వోవుడేంది? మన బోరింగు నీళ్ళు ఏం పాపం జేసినయి?"

నువ్వు పెద్దవాడివి. నీ మాటంటే ఆమెకు గౌరవం. ఒక్క ఉత్తరం రాసి ఒప్పించు.

నీ బావ,
రాజనర్సు.


సిరిసిల్ల,
3 సెప్టెంబర్ 2024.

రాజనర్సు బావకు,

నీ ఉత్తరంలో మలయాళీ వంటవాడి కాపురం గురించి తెలిసినంత నీ ప్రయాణం గురించి తెలియలేదు. అక్కడ స్నానం ఎట్లా చేస్తారు? వేములవాడ గుండంలో లాగా తడి ధోవతితో దిగుతారా? ఆడవాళ్ళకు వేరే ఉందా? నా చెల్లెల్ని తీసుకుపోయేవాడివి, ఇవి కనుక్కోవద్దా?

ఇక్కడ నా బతుకు మామూలే. సాంచెలు అమ్మేశాక ఇల్లు నిశ్శబ్దంగా ఉందని మా కోడలు అంటుంది. నాకు మాత్రం ఇంకా ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నువ్వు చెప్పినట్టే సాయవ్వకు రాశాను, బావ అంత ప్రేమగా పిలుస్తున్నాడు, పోయి రావచ్చు కదా అని. జవాబు ఒక్క ముక్కే వచ్చింది. అట్లాగే నకలు చేస్తున్నాను.

"అన్నా, ఆయన పోదామన్నడు గని అస్తవా అని నన్ను అడుగలే. ఎన్నడన్న ఏమన్న అడిగిండా?"

దీని అర్థం నీకు తెలియాలి. తెలియకపోతే కూర్చుని ఆలోచించు.

వెంకటేశం.


జగిత్యాల,
9 అక్టోబర్ 2024.

వెంకటేశం బావకు,

గడియారం టవర్ దగ్గర మేడ మీద ట్రావెల్స్ ఆఫీసులో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. పొద్దున తొమ్మిదింటికి వచ్చాను, ఇప్పుడు రెండవుతోంది. ఈ ఆఫీసు ప్రకాశ్ అనే పిల్లవాడిది. వాళ్ళ నాన్న ఇక్కడే గల్ఫ్ ఏజెంటుగా ఉండేవాడు. ఆ కాలంలో ఇక్కడ మనుషులు మెట్ల మీద పడుకునేవారు. ఇప్పుడు ఏసీ ఉంది, కూర్చునే బల్ల మాత్రం అదే.

గల్ఫ్ వీసాకు నన్ను ఎవడూ ఒక్క ప్రశ్న అడగలేదు బావా. చేతులు చూశారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు, విమానం ఎక్కించారు. చూడటానికి పోతానంటే మాత్రం ఇన్ని కాగితాలు! ఏ రోజు ఏ ఊళ్ళో పడుకుంటాను, ఏ రైలెక్కుతాను, ఎందుకు పోతున్నాను, ఎందుకు తిరిగి వస్తాను. నేను కోరుట్లకు ఎందుకు తిరిగి వస్తానో నా అరవై ఐదేళ్ళ వయసులో నన్నెవరూ అడగలేదు.

"పోయే కారణం ఏం రాయాలె కాకా?" అన్నాడు ప్రకాశ్.

"తానం."

"గది రాస్తె నమ్ముతరా? నీ పాత పాస్‌పోర్టుల నిండ లేబర్ వీసాలే. అక్కడ్నే పనిల జొర్రుతవ్ అనుకుంటరు."

"ఇరవై నాలుగేండ్లు పని జేసి మురికైన, కడుక్కోని అస్తనని రాయి."

వాడు నవ్వి 'విహారం' అని కొట్టాడు. అది మూడోసారి కొట్టడం. మొదటిసారి ఫోటోలో నా చెవులు కనిపించలేదట, రెండోసారి సాయవ్వ నవ్వలేదు సరే గాని కోపంగా చూసిందట. కోపం ఫోటోది కాదు నాయనా, మనిషిదే అన్నాను.

అసలు చిక్కు ఇది కాదు. నువ్వు అడిగినవన్నీ మా బిడ్డ గీతతో ఫోన్‌లో కనుక్కున్నాను. ఆడవాళ్ళకు వేరే, మగవాళ్ళకు వేరే. ఒంటి మీద నూలుపోగు ఉండకూడదట. పది మంది ముందు ఎట్లాగని నేను భయపడ్డాను. సాయవ్వే "అందరాడోళ్ళే గదా, వాళ్ళకు లేని సిగ్గు నాకేంది" అంది. అమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను. గీత ఇంకో లైను చదివింది: పచ్చబొట్టు ఉన్నవాళ్ళను నీళ్ళలో దిగనివ్వరు! అక్కడ వెనకటికి గూండాలు ఒళ్ళంతా పచ్చబొట్లు పొడిపించుకునేవారట. ఇప్పటికీ చాలా సత్రాల్లో ఆ పట్టింపు ఉందట. మేము రాసిన మూడు సత్రాలూ అదే మాట చెప్పాయి.

కొండల్లో పుట్టిన ఉడుకు నీళ్ళకు మా సాయవ్వ గూండాలా కనిపించింది!

నీకు తెలుసు కదా, ఆమె కుడిచేతి మీద మోచేతి నుంచి మణికట్టు దాకా నా పేరు ఉంది. నేను గల్ఫ్‌లో ఉన్నప్పుడు జాతరలో సరదాకు పొడిపించుకున్నానంది. అంత పెద్ద అక్షరాలు సినిమా పోస్టరు మీద కూడా ఉండవు. ఎవడు రాసిచ్చాడో గాని చదువు మధ్యలో మానేసినవాడిలా ఉన్నాడు, ఒక్క అక్షరమూ వరుసలో నిలబడదు.

అయినా దిగులు పడకు. ఉపాయం దొరికింది. గల్ఫ్ మెడికల్‌లో ఒంటి మీద ఏదైనా గుర్తు కనిపిస్తే 'అన్‌ఫిట్' అని కొట్టేవారు. మేమేం చేసేవాళ్ళం? ఊరికి రాకుండా అక్కడే డాక్టరుకు చూపించుకుని, మందు వాడి, మళ్ళీ లైన్లో నిలబడి 'ఫిట్' తెచ్చుకునేవాళ్ళం. ఇదీ అంతే. ఇక్కడ చర్మం డాక్టరమ్మ దగ్గర మిషన్ ఉందట, నాలుగుసార్లు కొట్టిస్తే పచ్చబొట్టు మాసిపోతుందట. ఈ నెల ఇరవై ఐదుకు పేరు రాయించాను. సాయవ్వకు ఇంకా చెప్పలేదు. వేళ్ళ నొప్పులకు చూపిద్దామని తీసుకొస్తాను.

ప్రకాశ్ పిలుస్తున్నాడు. ఫోటోలో ఇప్పుడు చెవులు మరీ ఎక్కువ కనిపిస్తున్నాయట.

రాజనర్సు.


సిరిసిల్ల,
18 అక్టోబర్ 2024.

బావా,

ఆ డాక్టరు దగ్గరికి సాయవ్వను తీసుకుపోకు.

కారణం చెప్పలేను. చెప్పనని ముప్పై ఏళ్ళ కింద ఆమెకు మాటిచ్చాను. ఆమె ఇంకా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. జపాన్ కాకపోతే ఇంకో ఊరికి పోండి. లేకపోతే ఇంట్లో వేడినీళ్ళు కాచి బకెట్లో చేతులు పెట్టించు. ఈ ఒక్కటి మాత్రం చేయకు.

అక్షరాలు రాసినవాడి చదువు గురించి మనం ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మాట్లాడుకుందాం.

వెంకటేశం.


కోరుట్ల,
4 నవంబర్ 2024.

వెంకటేశం బావకు,

నీ ఉత్తరం ఇరవై ఎనిమిదిన వచ్చింది. నేను జగిత్యాల పోయింది ఇరవై ఐదున. తపాలా శాఖను ఏమీ అనను, ఈ రోజుల్లో ఉత్తరం రాసేది మనిద్దరమే, మన కోసం మనిషిని పంపడమే గొప్ప. కాని నువ్వైనా సంగతి విప్పి చెప్పకుండా 'చేయకు' అని రాస్తే ఏం లాభం? అంత దూరం నుంచి చేయి అడ్డం పెట్టి, ఎందుకో చెప్పవు!

జరిగింది నీకు ఆమె చెప్పే ఉంటుంది, పది రోజుల నుంచి నీ ఇంట్లోనే ఉంది కదా. నా వైపు నుంచి కూడా విను.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మంచిది. "ఏ చెయ్యమ్మా?" అంది. సాయవ్వ రెండు చేతులూ చాపి వేళ్ళు చూపించింది. డాక్టరమ్మ వేళ్ళు పట్టించుకోకుండా కుడిచేయి తిప్పి, దీపం వేసి, "మొత్తం పేరు తీసెయ్యాలా, కొంచెం లైట్ చేస్తే చాలా?" అంది.

సాయవ్వ నా వైపు చూసింది.

"గీ పేరు తీపిచ్చెతందుకు తీస్కచ్చినవా?"

"పేరెక్కడికి వోతది? నేను ఎదురుంగనే ఉన్న గదా. నాలుగుసార్లు మిషిని కొడ్తె..."

కొంగు చేతి మీదికి లాక్కుని లేచింది. మెట్లు దిగింది. బస్సెక్కింది. నేను నంబరు చీటీ పట్టుకుని వెనక ఉరికాను. నేనూ అదే బస్సెక్కాను. ఆమెను నవ్వించాలని పక్క సీటు వాళ్ళకు నా చావు కథ మొదలుపెట్టాను. నీకు తెలుసు కదా, సౌదీలో కంపెనీ వదిలి పారిపోయి, పాస్‌పోర్టు లేక, ఎడారిలో మేకల మంద దగ్గర రెండేళ్ళు దాక్కున్నప్పుడు నేను చచ్చిపోయానని మన వైపు పుకారు పుట్టింది. నేను అక్కడ మేకకు పాలు పిండుతుంటే ఇక్కడ నా దినాలకు రోజు చూస్తున్నారట! ఎక్కడ చెప్పినా జనం పొట్టలు పట్టుకుని నవ్వుతారు. బస్సులోనూ నవ్వారు, కండక్టరు టికెట్లు కొట్టడం మరిచిపోయాడు. నీ చెల్లెలు లేచి వెనక సీట్లోకి పోయి కూర్చుంది. అదేం కొత్త కాదు. ముప్పై ఏళ్ళుగా ఆ కథ మొదలుపెడితే ఆమె లేచి పక్కకు పోతుంది. ఒక్కసారి కూడా నవ్వలేదు.

తెల్లారి సంచి సర్దుకుని సిరిసిల్ల బస్సెక్కింది.

ఇక్కడ నా సంగతి చెప్పనా? అన్నం మాడుతోంది, పప్పు ఉడకడం లేదు. గల్ఫ్ అలవాటు కొద్దీ ప్రయాణానికి తెచ్చిన పెద్ద అట్టపెట్టె, తాడు కట్టి, పేరు రాసి, అర్రలో ఉంది. రోజూ మోకాలికి తగులుతోంది. ప్రకాశ్ ఫోన్ మీద ఫోన్: "కాకా, డేటు చెప్పు, కాగితాలు పెట్టాలె." ఏం చెప్పను? ఐదు దేశాల ఇమిగ్రేషన్ దాటినవాడిని, నా ఇంటి గడప దగ్గర ఆగిపోయాను.

నేనేమన్నా ఆమె చేయి నరకమన్నానా బావా? ఆ చేయి నొప్పి పోవాలనే కదా ఇంత పాకులాట! సరదాకు పొడిపించుకున్న పచ్చబొట్టుకు ఇంత రాద్ధాంతమా? నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు. నీకు తెలిస్తే రాయి, ఈసారి విప్పి రాయి.

రాజనర్సు.


సిరిసిల్ల,
12 నవంబర్ 2024.

రాజనర్సు బావకు,

నీ ఉత్తరం సాయవ్వకు చదివి వినిపించబోతే తానే లాక్కుని చదువుకుంది. చదివాక "ఇగ చెప్పుకో అన్న, నేను చెప్ప" అంది. కాబట్టి మాట తీరింది. చెబుతున్నాను.

సౌదీలో ఉన్న నీ దగ్గర నుంచి ఉత్తరాలు ఆగిపోయి అప్పటికి పదకొండు నెలలు. నీతో పనిచేసిన మెట్‌పల్లి మనిషి ఒకడు వచ్చి ఎడారిలో బండి కాలిపోయింది, అందులో నువ్వున్నావు అన్నాడు. కళ్ళతో చూశావా అంటే విన్నానన్నాడు. అంతవరకే నీ కథలో ఉంది. ఆ తర్వాత ఇక్కడ జరిగింది నీ కథలో లేదు.

మీ పెద్దనాయన మొగిలయ్య పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. చెడ్డవాడు కాదు, పాపం ఏడుస్తూనే కూర్చోబెట్టాడు. దినాలు చేయకపోతే నీ ఆత్మకు మంచిది కాదన్నారు. రోజు నిర్ణయించారు. బొట్టు తీయడానికి, గాజులు పగలగొట్టడానికి ఆడవాళ్ళు వచ్చారు. సాయవ్వ మూడేళ్ళ గీతను లోపల వేసుకుని గొళ్ళెం పెట్టుకుంది. రెండు రోజులు తీయలేదు. అప్పుడే ఇంకో మాట కూడా పుట్టింది, పిల్ల చిన్నది, వయసున్న మనిషి, ఫలానా ఊళ్ళో భార్య పోయినవాడు ఉన్నాడు అని.

నాకు కబురందింది. పొద్దుటి బస్సుకు వచ్చాను. నా గొంతు విని తలుపు తీసింది. ఏడవలేదు. "కొండగట్టు పోదాం పా అన్న" అంది. హనుమాన్ జయంతి జాతర రోజులు. దర్శనానికనుకున్నాను. కొండెక్కింది గాని గుడి వైపు పోలేదు. గొడుగు కింద పచ్చబొట్లు పొడిచే ముసలమ్మ ముందు కూర్చుని చేయి చాపింది. పేరు పొడవమంది. ముసలమ్మకు అక్షరాలు రావు. సాయవ్వకూ అప్పటికి రావు. "నువ్వు రాయన్న" అని చేయి నా ముందు పెట్టింది.

నా జేబులో పెన్నుతో ఆ చేతి మీద నీ పేరు రాసింది నేను. ఏడో తరగతిలో బడి మానేసి మగ్గం ఎక్కినవాడిని. అక్షరాలు వరుసలో లేవంటే చదువు తక్కువై కాదు బావా, నా చేయి వణికింది. "పెద్దగ రాయి, దూరంకెల్లి కనవడాలె" అంది. ముసలమ్మ సూదులతో ఆ అక్షరాల మీద పొడుచుకుంటూ పోయింది. ఎడమచేత్తో గీతను ఒళ్ళో పట్టుకుని, చెయ్యి కదపకుండా కూర్చుంది. పిల్లే భయపడి ఏడ్చింది.

సాయంత్రం మీ ఇంటి ముందు పెద్దమనుషులు ఇంకా కూర్చునే ఉన్నారు. వాపెక్కిన చేయి వాళ్ళ ముందు చాపింది.

"బొట్టు తుడుస్తరు, గాజులు పలగ్గొడ్తరు. గిది ఎట్ల తీస్తరో తీయుండ్రి."

ఒక్కొక్కరే లేచి ఇళ్ళకు పోయారు. మళ్ళీ ఎవరూ రాలేదు.

నువ్వు వచ్చింది దాని తర్వాత పదహారు నెలలకు. రెండు దుప్పట్లు, ఒక టేపు రికార్డరుతో దిగావు. దిగిన రాత్రే మేకల కథ మొదలుపెట్టావు, ఇల్లంతా నవ్వింది. "చేతి మీద గిదేంది" అన్నావట. నువ్వు నవ్వుతున్నావు కదా, నీ నవ్వు చెడగొట్టబుద్ధి కాక "జాతరల పొడిపిచ్చుకున్న" అందట. ఆ తర్వాత నా దగ్గర మాట తీసుకుంది: ఆయన తానుగా ఇక్కడి సంగతి అడిగినరోజు నేనే చెప్త, నువ్వు చెప్పకు అని. నువ్వు అడుగుతావని చూసింది. నువ్వు చెప్పుకుంటూ పోయావు.

ఊరంతా కలిసి తీయలేనిదాన్ని తీయించడానికి నువ్వే డాక్టరు దగ్గర పేరు రాయించావు. కోపం ఎవరి మీదో తెలియడం లేదన్నావు. ఇప్పుడు తెలిసిందా?

ఆమె చేతుల కోసమే నువ్వు ఇంత చేస్తున్నావని కూడా ఆ ఉత్తరంలో చదివింది. "గా ముక్క నాకెందుకు చెప్పలే" అని అక్కడికి వచ్చి మళ్ళీ చదువుకుంది. మీ ఇద్దరి మధ్య నాకు చెవులు లేకపోవడమే మంచిదయింది.

వెంకటేశం.


కోరుట్ల,
19 నవంబర్ 2024.

సాయవ్వకు,

నాలుగు కాగితాలు రాసి చింపాను. అన్నిట్లోనూ నేను నా సంగతే రాసుకున్నాను.

డాక్టరు దగ్గర పేరు కొట్టేయించాను. ఆ పచ్చబొట్టు ఎవరి కోసమూ తీయనక్కరలేదు, దాచనక్కరలేదు.

ఒకటే అడుగుతున్నాను. అడగాల్సినప్పుడు అడగలేదు, ఇప్పుడు అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను. నేను లేని ఆ రెండేళ్ళు నీకు ఎట్లా గడిచాయి?

వచ్చి చెబుతావా, నన్నే రమ్మంటావా?

రాజనర్సు.


కోరుట్ల,
8 డిసెంబర్ 2024.

వెంకటేశం బావకు,

సాయవ్వ మొన్న గురువారం వేములవాడ బస్సులో దిగింది. ఇంట్లోకి వచ్చి మాడిన గిన్నె చూసింది, నన్ను చూసింది, కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో రెండుసార్లు "నేను గప్పుడు సౌదీల..." అని నోరు తెరిచాను. "నీది అయిపోయింది. ఇప్పుడు నాది" అంది. నాలుగో రోజు నడుస్తోంది. బియ్యం అప్పు దొరక్క గీతకు గంజి పోసిన వానాకాలం దగ్గర ఉన్నాం. బావా, ఇదంతా జరిగిన ఇంటికి నేను రెండు దుప్పట్లు తెచ్చాను.

జపాన్ సంగతి. నాలుగో సత్రానికి గీతతో ఉన్నదున్నట్టు రాయించాను: మా ఆవిడ చేతి మీద నా పేరు ఉంది, దాన్ని తీయం, దాచం. జవాబు వచ్చింది. వాళ్ళ దగ్గర చిన్న గది ఉందట, రాతి తొట్టి, పక్కన కిటికీలోంచి మంచు కనిపిస్తుందట. లోపల గొళ్ళెం పెట్టుకుని భార్యాభర్తలిద్దరే దిగవచ్చు, చేతి మీద ఏమున్నా వాళ్ళకు పట్టింపు లేదు. నలభై ఐదు నిమిషాలు.

ఈసారి ముందుగా ఆమెనే అడిగాను, అస్తవా అని.

చేయి చూసుకుంది, నన్ను చూసింది.

"అస్త గని, నలుభై అయిదు నిమిషాలు నువ్వు మాట్లాడకుంట కూసుంటవా?"

కష్టమే గాని ప్రయత్నిస్తానన్నాను.

"జపాన్ల ప్రయత్నం జేసుడు గాదు. గిప్పటిసంది నేర్సుకో."

అందుకని, బావా, ఇంకా రాయాలని ఉన్నా ఇక్కడే ఆపుతున్నాను.

రాజనర్సు.